చెట్టు కింద చెప్పిన అంచనా

మా నాన్నకి సొంతంగా ఒక్క మామిడి చెట్టు లేదు. ముసునూరు చుట్టుపక్కల ఆయన అడుగు పెట్టని తోట కూడా లేదు. వయసులో ఉన్నప్పుడు తోటలకి కాపలా ఉండేవాడు. కాపున్నా లేకున్నా కాపలా తప్పదు కాబట్టి, ఏడాది పొడుగునా చెట్లని చూసీ చూసీ, పూత చూసి పంట ఎంతో చెప్పడం ఆయనకి పట్టుబడింది. మా వైపు చాలా తోటలు పూత మీదే చేతులు మారతాయి. కాయ పుట్టకముందే బేరం పుడుతుంది. ఇచ్చేవాడు ఎక్కువ కాస్తుందంటాడు, తీసుకునేవాడు తక్కువంటాడు, చివరికి ఇద్దరూ కలిసి మా నాన్న కోసం కబురు పెట్టేవారు.

ఆయన వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని తోటంతా ఒకసారి తిరిగేవాడు. పూతని ముట్టుకునేవాడు కాదు. ఆఖర్న ఏదో ఒక చెట్టు కింద నిలబడి, "ముప్పై టన్నులండీ" అనేవాడు. అంతే. తర్వాత పురుగు పట్టినా, గాలిదుమారానికి పిందె రాలినా ఆ మాట మారదు. సగం తోట నేలపాలయ్యాక ఎవరైనా వచ్చి "ఇప్పుడెంతంటావు?" అని అడిగితే, "అప్పుడే చెప్పాను కదండీ" అనేవాడు. మార్చిన అంచనాని మా వైపు అంచనా అనరు, మాట తప్పడం అంటారు. చెట్లున్నవాళ్ళకి చెట్లున్నాయి. మాకున్నది ఆ మాట ఒక్కటే.

నేను ఆయన వెనకాల తోటలు తిరుగుతూ పెరిగాను. అందుకేనేమో, నేనూ అంచనాల ఉద్యోగంలోనే పడ్డాను. నాది భూకంపాల అంచనా. సముద్రం అడుగున కొన్ని చోట్ల ఒక భూఫలకం ఇంకో ఫలకం కిందికి దూరుతూ ఉంటుంది. అలాంటి చోట్లకి దగ్గర్లో, తీరాన ఉన్న ఊళ్ళలో, నేల ఎంత గట్టిగా ఊగే అవకాశం ఉందో లెక్కగట్టి చెప్పడం నా పని. హైదరాబాదులో ఏమాత్రం ఊగని కుర్చీలో కూర్చుని చేస్తాను. ఇన్నేళ్ళలో భూమి ఎన్నిసార్లు కదిలిందో రాసి పెట్టాను గానీ, నా ప్రమోషన్ ఫైలు మాత్రం కదిలినట్టు ఎక్కడా నమోదు కాలేదు.

అమ్మ ఉన్న రోజుల్లో నా పని గురించి చెబుతూ 'సంభావ్యత' అన్నాను. "పంతులుగారికిచ్చే సంభావన లాంటిదా?" అంది. "లాంటిదేనమ్మా. ఎంతొస్తుందో వచ్చేదాకా ఎవరికీ తెలీదు," అన్నాను. ఊరెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు బస్సు దిగగానే, "ఏంటమ్మా, మనకి భూకంపం ఎప్పుడు?" అని పెళ్ళిముహూర్తం అడిగినట్టు అడిగేవారు. అది తెలిస్తే ఈ ఉద్యోగం మానేసి జాతకాలు చెప్పుకోనా అనేదాన్ని. అందరం నవ్వుకునేవాళ్ళం.

అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. రెడ్డిగూడెం సంబంధం చేశారు. బావ పెళ్ళికి ముందే అండమాన్ వెళ్ళి, అక్కడొక రేవు ఊళ్ళో ఆంధ్రా మెస్ పెట్టాడు. అక్క వెళ్ళాక ఆ మెస్సుకి రుచొచ్చింది. "నేను పెట్టింది బోర్డు, మీ అక్క పెట్టింది భోజనం" అని బావే ఒప్పుకునేవాడు. కొండ మీద అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు. తినే జనమేమో కింద, పడవలు ఆగే చోట. రోజూ గిన్నెలన్నీ ఆటోలో దించడం, మళ్ళీ ఎక్కించడం.

ఒక వేసవిలో అక్కా బావా కూతుర్ని తీసుకుని వచ్చారు. మధ్యాహ్నం ఒకప్పుడు నాన్న కాపలా ఉన్న తోటలోనే అందరం కూర్చున్నాం. చిన్న రసాలు జుర్రుకుంటూ బావ నన్ను కదిపాడు.

"ఏంటి మరదలా, నేల కింద సంగతులన్నీ నీ చేతిలోనే ఉన్నాయంట. నాకో మాట చెప్పు. రేవు పక్కన పల్లంలో స్థలం వస్తోంది. కింద మెస్సు, పైన ఇల్లు. కట్టొచ్చా?"

"అది సునామీకి మునిగిన చోటే. నాకిష్టం లేదు," అంది అక్క.

"నేనడిగేది సైంటిస్టుని. నిన్ను కాదు."

"ఆ సైంటిస్టుకి ముక్కు చీదడం నేర్పింది నేనే."

నేను ఉత్సాహంగా పాఠం మొదలెట్టాను. నేల మీద పుల్లతో గీతలు గీశాను. కింద ఫలకం లోపలికి దూరుతూ పై ఫలకం అంచుని కూడా పట్టుకుని లాగుతుంది, కాయ కొయ్యడానికి కొమ్మని కిందికి వంచినట్టు. వంగీ వంగీ ఒక రోజు పట్టు జారుతుంది. కొమ్మ పైకి ఎగురుతుంది. అదే పెద్ద భూకంపం. దాంతోపాటు సముద్రం కూడా లేస్తుంది.

"ఆ సునామీ ఏడు ఎగిరింది ఆ కొమ్మేనా?" అన్నాడు బావ.

"అదే."

"మళ్ళీ అంతలా వంగడానికి?"

"చాలా ఏళ్ళు పడుతుంది. వందలు కూడా పట్టొచ్చు."

బావ రసం చేత్తోనే తొడ చరుచుకున్నాడు. "మరింకేం! నిండా కాసిన చెట్టన్న మాట. ఒక ఏడు విరగకాస్తే తర్వాత ఖాళీ ఏడే కదా. మనకి తెలీని సంగతా! విన్నారా మామయ్యా?"

మామిడి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక ఏడు కొమ్మలు విరిగేలా కాసిన చెట్టు మరుసటి ఏడు అలిసిపోయి ఊరుకుంటుంది. ఆ పోలిక నాకు తెగ నచ్చింది. ఇంత పెద్ద శాస్త్రాన్ని మా తోటలోకి దించేశాను కదా అని మురిసిపోయాను. 'దాదాపు' అనే మాట నాకు ఇన్నేళ్ళూ తిండి పెట్టింది. ఆ రోజు ఆ మాటని నాలిక కిందే ఉంచుకున్నాను.

"అంతే బావా," అన్నాను.

నాన్న తల పంకించాడు. "అమ్మాయి చెప్పిందిగా. కట్టుకో అల్లుడూ."

ఆ చెట్టు కింద అలా ఒక అంచనా చెప్పేశాను.

ఒక చెట్టు ఖాళీగా ఉన్నంత మాత్రాన తోటంతా ఖాళీగా ఉండదు. బంగినపల్లి ఊరుకున్న ఏడు పక్కనే కలెక్టర్ మామిడి చెట్టుకి కాయ గుత్తులు గుత్తులుగా వేలాడుతుంది. ఇది మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు, తోటలో పుట్టి పెరిగిన నాకు తెలీదా? సముద్రం అడుగున అంచు అంతా ఒకేసారి జారదు. జారిన ముక్క పక్కన జారని ముక్కలుంటాయి. పెద్దది అయిపోయింది కదా అని మధ్యరకంవి సెలవు పెట్టవు. ఇవన్నీ తెలిసిన మనిషిని, నేల సంగతి అసలు అడగనేలేదు. ఆ పల్లం ఒకప్పుడు మడ అడవి. బురదలో మట్టీ రాళ్ళూ పోసి చదును చేసిన చోటు.

ఇల్లు లేచింది. ఫోన్లో ఫోటోలొచ్చాయి. మేడ మీద చుట్టూ ఇటుకల పిట్టగోడ, దాని మీద ఆరేసిన మామిడికాయ ఒరుగులు. అక్క రాసింది: "సైంటిస్టుగారి అనుమతితో కట్టిన గృహం."

నాలుగేళ్ళకి తీరాన ఉన్న కొన్ని ఊళ్ళకి భూకంప ప్రమాదాన్ని అంచనా వేసే పని మా బృందానికి వచ్చింది. జాబితాలో అక్కావాళ్ళ ఊరుంది. పెట్టెలు సర్దుకుని వెళ్ళాను. ఆఫీసు గది ఇచ్చినా అక్క ఇంట్లోనే దిగాను.

మా పనిలో ఒక చిన్న పరికరం ఉంటుంది. నేల మీద పెడితే, మనుషులకి తెలియని సన్నటి వణుకుని పట్టి రాస్తుంది. దాన్ని చూసి అక్క, "ఏంటే అది, టిఫిన్ క్యారేజీయా?" అంది.

"భూమి నాడి చూసే డబ్బా."

"జ్వరముందేమో చూడు. తర్వాత నాక్కూడా పెట్టు, నడుం నొప్పి."

ఇంటి వెనక అంట్లు తోమే చోట దాన్ని పెట్టి, అరగంట గ్రైండర్ ఆపమన్నాను. "అయితే రేపు పొద్దున ఇడ్లీ నువ్వు చెయ్యి," అంది అక్క. బావ మెస్ గుమ్మంలో నిలబడి, తినేవాళ్ళందరికీ నోటి మీద వేలు చూపిస్తూ, "ష్... భూమి మాట్లాడుతోందంట. మీరు మాట్లాడకండి. చారు చేత్తో సైగ చేసి అడగండి," అంటున్నాడు.

ముందు రోజు కొండ మీద పెట్టి చూశాను. అక్కడ గట్టి నేల. ఇక్కడి గీతకి దానితో పోలికే లేదు. బండని గుద్దితే ఒక్కసారి అదిరి ఊరుకుంటుంది. తోడుకున్న పెరుగు గిన్నెని తడితే, చెయ్యి తీశాక కూడా వణుకుతూనే ఉంటుంది. మా అక్క ఇల్లు పెరుగు మీద ఉంది.

మధ్యాహ్నం మేడ మీదకి వెళ్ళి నాన్నకి ఫోన్ చేశాను. ఏ సంగతో చెప్పలేదు. "నాన్నా, ఒకసారి చెప్పిన అంచనా మార్చుకోవచ్చా?" అని మాత్రం అడిగాను.

"ఏ తోట?" అన్నాడు.

"ఏదో ఒకటి నాన్నా. చెప్పాక తప్పని తెలిస్తే?"

"చెట్టు కింద చెప్పింది చెట్టు కిందే ఉండాలమ్మా. రేపు గాలొచ్చిందని ఒకటి, ఎల్లుండి వానొచ్చిందని ఒకటి చెబితే, ఆవలెల్లుండి నిన్నెవరు పిలుస్తారు?"

ఆ రోజు భోజనాల దగ్గర ఎలాగో నోరు తెరిచాను. "బావా, మళ్ళీ కొండ మీదకి ఇల్లు మార్చుకోకూడదూ? ఇక్కడ నేల అంత మంచిది కాదు."

బావ ముద్ద ఆపాడు. "నువ్వే కదా చెట్టు విశ్రాంతిలో ఉందన్నావు?"

"అన్నాను..."

"మామయ్య ముందు అన్నావు. ఆయన తలూపాడు కూడా. ఇప్పుడు పూత కాదు పిందంటావు, రేపు పిందె కాదు పుల్లంటావు. నిజం చెప్పు, నువ్వు మీ నాన్న కూతురివేనా?"

అక్క ఫక్కున నవ్వింది. బావ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఎన్నోసార్లు తిరగేసి చూసుకున్నాను ఆ నిమిషాన్ని. నవ్వకుండా, కంచం పక్కకి నెట్టి, "బావా, అప్పుడు చెప్పింది తప్పు" అని ఉండాల్సింది. నాలుగు మాటలు. నవ్వితే అవి గొంతులోనే ఉండిపోయాయి. రిపోర్టు అచ్చయ్యాక కాగితం చూపించి చెబుదాంలే, కాగితానికైతే బావ తలొగ్గుతాడు అనుకున్నాను.

రిపోర్టు కమిటీకి వెళ్ళింది. ప్రశ్నలతో తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. అందులో నేను ఎన్ని అంచనాలు మార్చానో! పాత లెక్క తప్పని తేలితే కొట్టేసి కొత్తది రాయడానికి అక్కడ ఎప్పుడూ సిగ్గుపడలేదు. మా వృత్తిలో మార్చుకోకపోవడమే తప్పు. ఆఫీసులో ఆ న్యాయం, ఇంట్లో నాన్న న్యాయం. రెండింటికీ మధ్య నేను సెలవు రోజుల్లో రైలెక్కి తిరుగుతుండేదాన్ని.

ఒక ఉదయం పదింటికి తెర మీద గీతలు లేచాయి. అండమాన్ దగ్గర, మధ్యరకంది. మేం లెక్కలు కడుతున్నది దీనికి కాదు. దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దదానికి, అదీ ఎప్పుడో వచ్చేదానికి. ఇలాంటివి జాబితాలో ఒక వరుసగా మిగిలిపోతాయి. అక్కావాళ్ళ ఊళ్ళో మేం పెట్టిన పరికరం దాన్ని చాలా శుభ్రంగా పట్టింది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, రాయకపోతే అబద్ధమవుతుంది. పక్క సీటులో ఉన్నావిణ్ణి పిలిచి, "ఎంత బాగా వచ్చిందో చూడండి," అన్నాను.

ఆ తర్వాత అక్కకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. టిఫిన్ల వేళ, తీరిక ఉండదులే అనుకున్నాను. కాసేపటికి బావ చేశాడు.

"మీ అక్క బయటికి పరిగెత్తింది," అన్నాడు. "పిట్టగోడ..." అన్నాడు. తర్వాత ఫోన్ ఇంకెవరో తీసుకున్నారు, అది అక్క మీద కూలిందన్నారు.

ఊళ్ళో ఇంకెవరికీ ఏమీ కాలేదు. కొన్ని గోడలు బీటలు వారాయి. కొండ మీద వాళ్ళు ఉయ్యాల్లో నిద్రపోతున్న పసిపిల్లల్ని లేపను కూడా లేదట, గిన్నెలు గలగలమన్నాయి, అంతే. మర్నాడు పేపర్లో రెండు ముక్కలు రాశారు, నష్టం స్వల్పమని. ఆ మాట నేను కూడా ఎన్నో నివేదికల్లో రాశాను. ఇప్పుడు ఎక్కడ రాయాల్సి వచ్చినా ఆ చోటు ఖాళీగా వదిలేస్తే, నా తర్వాతి వాళ్ళు నింపుకుంటున్నారు.

అక్క పెద్దకర్మ రెడ్డిగూడెంలో జరిగింది. తోటల్లో పిందె దిగుతున్న రోజులు. బంధువులు భోంచేసి వెళ్ళాక షామియానా కింద ముగ్గురం మిగిలాం. నాన్న, బావ, నేను. అప్పుడు చెప్పాను.

"బావా, ఆ రోజు తోటలో నేను చెప్పింది తప్పు. మీ ఇంటి వెనక డబ్బా పెట్టిన రోజే నాకు తెలుసు."

బావ తలెత్తలేదు. నాన్న ఎత్తాడు. "తెలిసి ఎందుకు చెప్పలేదమ్మా?"

"మిమ్మల్ని అడిగాను కదా నాన్నా. మార్చుకోవచ్చా అని ఫోన్ చేశాను కదా."

అనేశాక గానీ తెలీలేదు, నా బరువు తీసి ఆ ముసలి భుజం మీద పెట్టేశానని. 

"నేను కాయల సంగతనుకున్నానమ్మా," అన్నాడు నాన్న.

షామియానా వాళ్ళు వచ్చి కర్రలు పీకడం మొదలెట్టారు. మేం లేచి అరుగు మీదకి మారాం. బావ మెల్లగా అన్నాడు. "నువ్వు గట్టిగా చెప్పినా నేను వినేవాణ్ణో లేదో. వినేవాణ్ణని ఇప్పుడు చెప్పుకుంటే అది నాకు సుఖం. అందుకే చెప్పుకోను."

"ఇప్పుడైనా కొండ మీదకి వెళ్ళండి బావా. చిన్నపిల్ల ఉంది కదా."

"పిల్లని పైన హాస్టల్లో వేస్తాను. నా సంగతి అడగొద్దు. వంటింట్లో డబ్బాలన్నీ ఆవిడ సర్దినట్టే ఉన్నాయి. ఏది ఎక్కడుందో నాక్కూడా తెలీదు. ఎలా మోసుకెళ్ళను?"

 రిపోర్టు ఆ తర్వాత అచ్చయింది. పల్లంలో కట్టడాల గురించి మూడు పేజీలున్నాయి, అన్నీ నేను రాసినవే. ఒక ప్రతి బావకి పంపాను. అందిందో లేదో అడగలేదు.

మరుసటి ఏడు పూతకి నాన్నని ఒక తోటకి పిలిచారు. వెళ్ళి అంకె చెప్పాడు. నెల్లాళ్ళకి గాలి వీచింది. ఆయనంతట ఆయన, ఎవరూ పిలవకుండా, తోట ఇచ్చినవాడు, తీసుకున్నవాడు ఇద్దరి ఇళ్ళకీ నడిచి వెళ్ళి, "నేను చెప్పింది తప్పండీ. అంత రాదు," అని చెప్పి వచ్చాడట. ఒకాయన ఎగతాళి చేశాడు, ఇంకొకాయన కోప్పడ్డాడు. ఆ తర్వాత ఆయన్ని ఏ తోటకీ ఎవరూ పిలవలేదు. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు, ఊళ్ళోవాళ్ళు చెప్పారు.

ఆ వైపు నుంచి తెర మీద ఏ చిన్న గీత లేచినా నేను బావకి ఫోన్ చేస్తాను. మొదట్లో ఎత్తి, "ఉన్నాను" అని పెట్టేసేవాడు. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. ఆ ఒక్క మాట కోసమే చేశానని ఇద్దరికీ తెలుసు.

మొన్న మధ్యాహ్నం ఒకటి వచ్చింది, చాలా చిన్నది. చేశాను.

"ఉన్నాను," అన్నాడు. కానీ పెట్టెయ్యలేదు. అవతల కంచాల చప్పుడు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. నేనూ పెట్టెయ్యలేదు.

"మళ్ళీ వస్తుందా?" అన్నాడు.

"తెలీదు బావా."

"ఊఁ," అన్నాడు. ఎవరో చారు అడుగుతున్నారు. వడ్డించడానికి వెళ్ళాడు. ఫోన్ బల్ల మీద పెట్టి మర్చిపోయినట్టున్నాడు. నేను చాలాసేపు వింటూ కూర్చున్నాను.